రివాల్వర్‌కి లేని మీట

మంగళవారం పొద్దున మూడో వీధి మూల పత్రికల కొట్టు ముందు నిలబడి, ఆర్విల్ టాస్కర్ తను రాయని తన కథ చదివాడు.

కథలో ఉన్నది మాట్ గ్రానిక్కే. లాస్ ఏంజెలస్‌లో ఒంటిగది ఆఫీసు, సొట్టపడ్డ టోపీ, కన్నతల్లి చెప్పినా ఒకటికి రెండుసార్లు చూసుకునే ప్రైవేటు డిటెక్టివు. ఆరేళ్ళ కిందట వాణ్ణి పుట్టించింది ఆర్విల్. కానీ అట్ట మీద మాత్రం ఎప్పుడూ లయనెల్ క్రాగ్ అనే ఉంటుంది. ఆ పేరుతో మనిషెవడూ లేడు. అది న్యూయార్క్ పత్రికవాళ్ళ సొంత పేరు, ఆఫీసు కుర్చీలాంటిది. ఒకడు లేస్తే ఇంకొకణ్ణి కూచోబెడతారు, పాఠకుడికి తెలియనే తెలియదు.

ఆర్విల్ లేచిపోయినట్టే లెక్క. క్రిస్మస్ ముందు భార్య ఐరీన్ పోయింది. అప్పట్నించి ఒక్క పేజీ రాయలేదు. ముందు పంపిన కథలు ఏప్రిల్ దాకా వచ్చాయి. మే సంచికలో గ్రానిక్ లేడు. జూన్‌లో ఇదిగో, దర్జాగా తిరిగొచ్చాడు. ఎవడి చేతుల్లోంచి?

ఎడిటరుకి రాసి అడగొచ్చు. కానీ అడగడమంటే ఆరు నెలలుగా ఏమీ పంపలేదని గుర్తుచేయడమే. ఐరీన్ పోయాక ఆర్విల్‌కి మిగిలింది గ్రానిక్ ఒక్కడు. వాడు కూడా చేజారితే పొద్దున్నే లేవడానికి కారణమేముంది?

కథ మళ్ళీ చదివాడు, ఈసారి గ్రానిక్ చదివినట్టు. ఆరో పేజీలో దొరికింది. గ్రానిక్ తన రివాల్వర్‌లో సుత్తి దెబ్బ పడే తూటా గది ఒకటి ఖాళీగా ఉంచుతాడట, పొరపాటున కూడా పేలకుండా. అలాంటివి ఆర్విల్‌కి తెలియవు. తెలిసినవాడు ఒక్కడే, గస్ హెండ్రిక్. మాజీ పోలీసు, ఇప్పుడు కథలు రాసుకుంటున్నాడు. మంగళవారం మంగళవారం కెఫెటేరియాలో ఆర్విల్ ఎదురుగా కూచుని అతని ప్లేట్లో ఆపిల్ పై కూడా తినేస్తాడు. ఆ రోజు కూడా తిన్నాడు. తింటూ అడిగాడు, "ఏరా, మళ్ళీ రాస్తున్నావా?"

మామూలు రోజైతే ఆ మాటలో ఏమీ లేదు. ఆర్విల్‌కి మాత్రం గస్ ఎడమ కనుబొమ్మ కొంచెం లేచినట్టు కనబడింది.

గస్ లేవగానే ఆర్విల్ వెంటపడ్డాడు. గ్రానిక్ చేసినట్టే అన్నీ చేశాడు. కోటు కాలరు ఎత్తాడు, టోపీ కిందికి లాగాడు, ముప్ఫై అడుగుల దూరం పాటించాడు, కొట్ల అద్దాల్లో గస్ నీడని గమనించాడు. గస్ రెండుసార్లు అటూఇటూ చూసి, ఆడవాళ్ళు జుట్టు చేయించుకునే సెలూన్లోకి దూరాడు. రెండొందల పౌండ్ల భారీ మనిషికి అక్కడేం పని? ఆర్విల్ ఎదురుగా స్తంభం పక్కన పేపరు విప్పి నిలబడ్డాడు. ముప్పావుగంటకి గస్ బయటికొచ్చి, నేరుగా రోడ్డు దాటి, పేపరు మీద వేలితో కొట్టాడు.

"ఒరేయ్ ఆర్విల్. జూన్ ఎండలో వానకోటు వేసుకుని తిరిగేది ఈ ఊళ్ళో ఇద్దరే. నువ్వూ, నీ గ్రానిక్కూ."

"లోపల ఏం చేస్తున్నావో చెప్పు ముందు."

గస్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ప్రేమకథలు రాస్తున్నాన్రా. ఆడపేరుతో. అక్కడ కూచుంటే వాళ్ళ మాటలు వినబడతాయి. కెఫెటేరియాలో నోరు జారావంటే నీ పళ్ళు రాలగొడతా!"

"జూన్ గ్రానిక్ రాసింది నువ్వేగా? రివాల్వర్ సంగతులు..."

"ఓహో, అందుకా ఈ కోటు? నీ కథల్లో తుపాకుల తప్పులు బాగుపడి ఆరేళ్ళయింది. నువ్వు రాసింది అచ్చులో ఎప్పుడైనా చదువుకున్నావా?"

చదువుకోలేదు. పంపాక తిరిగి చూసేంత తీరిక ఆ పనిలో ఎవరికీ ఉండదు.

"నీకు టైపు చేసే ఆవిడ నా దగ్గరికొచ్చింది అప్పట్లో. రివాల్వర్‌కి పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఉంటుందా అని. లేదమ్మా, అదుండేది పిస్టల్‌కి అన్నాను. 'మిస్టర్ టాస్కర్ ప్రతి కథలోనూ నొక్కిస్తున్నారండీ' అంది. పరువు తీశావు కదరా!"

మిసెస్ ప్రాసర్. ఆర్విల్ ఉండే అద్దెగదుల ఇంట్లోనే, నడవా చివరి గది. అతను గిలికిన కాగితాలు శుభ్రంగా టైపు చేసి కవర్లో పెట్టి పంపేది ఆవిడే. అన్ని కథలూ ఆవిడ చేతుల మీదుగానే పోయాయి. ఆర్విల్ ఇంటికెళ్ళే కొండ మెట్లు రెండేసి ఎక్కాడు.

తలుపు తీసే ఉంది. ఆవిడ మిషన్ ముందు నుంచి లేవలేదు.

"రండి. కోటు విప్పండి, చెమట్లు కారుతున్నాయి."

"గ్రానిక్‌ని ఎందుకు ఎత్తుకుపోయారు?"

"నేనా? ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి మీకు ఉత్తరం వచ్చింది. విప్పకుండానే చెత్తబుట్టలో పడేశారు. నెలాఖరుకి కథ రాకపోతే గ్రానిక్‌ని షికాగోలో ఇంకెవరికో ఇస్తామని ఉంది అందులో."

"నా బుట్ట వెతికారా?"

"గ్రానిక్ చేసేది అదేగా. నాకు నేర్పింది మీరే."

"ఎవరి పేరుతో పంపారు?"

"మీ పేరుతో, ఎప్పుడూ పంపే కవర్లోనే. నమ్మరుగా? నిన్న మీకిది వచ్చింది. రెండుసార్లు తలుపు కొట్టాను, పలకలేదు. నేను విప్పలేదు."

ఆర్విల్ ఆవిడ అందించిన కవరు ఎత్తి అంచులు వెలుతురులో చూశాడు. ఆవిరి పట్టి విప్పి మళ్ళీ అంటించిన గుర్తులేమీ లేవు. చింపాడు. ఎడిటరు రాసింది రెండు ముక్కలు: టాస్కర్, ఏళ్ళ తర్వాత ఇంత మంచి గ్రానిక్ పంపావు. ఇలాంటివే పంపు.

గ్రానిక్ తన దగ్గరే ఉన్నాడు. కానీ తనవాడేనా?

మిషన్లో సగం టైపు చేసిన పేజీ ఉంది. "అదేంటి?"

"వచ్చేది. నాలుగు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. గ్రానిక్ ఒకావిడ ఇంటికెళ్ళి, మీ ఆయన పోయాడమ్మా అని చెప్పాలి. ఎలా చెప్తాడో నాకు అంతుబట్టడం లేదు."

ఆసుపత్రి నడవాలో డాక్టరు తనకెలా చెప్పాడో ఆర్విల్‌కి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కుర్చీ లాక్కుని, పెన్సిలు తీసుకుని రాశాడు. ఆర్నెల్లలో మొదటి పేజీ. ఇచ్చేసి ఆవిడ భుజం వెనకాల నిలబడ్డాడు. ఆమె టైపు చేస్తుండగా చూడటం అదే మొదటిసారి.

మూడో వరుస దగ్గర వేళ్ళు ఆగాయి.

"గ్రానిక్ తలుపు కొట్టే ముందు జేబులో రివాల్వర్ సేఫ్టీ మీట నొక్కాడు. మళ్ళీ పెట్టారు."

"తెలిసే పెట్టాను. మీరు తీసేస్తారా, నాకు చెప్తారా అని."

"చెప్పాగా."

"ఇవాళ చెప్పారు."

ఆవిడ నవ్వలేదు. మీట ఉన్న వాక్యం టైపు చేయకుండా వదిలేసి పక్క వాక్యం అందుకుంది. ఆర్విల్ కోటు విప్పి తగిలించాడు. కుర్చీని మాత్రం మిషన్ కనబడేలా తిప్పుకుని, రెండో పేజీ మొదలుపెట్టాడు.