పన్నెండు మంది సైనికులు, మూడు మిల్లీమీటర్లు

పోయిన నెల దవడ పన్ను తీయించుకోవడానికి ఆస్పత్రిలో కూర్చుని ఉంటే, లోపలి గదిలో ఎవరో పళ్ల సెట్లకు వాడే ద్రావకం సీసా మూత తీశారు. ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండే ఆ వాసనకి చిత్తూరులో మా మామ గది గుర్తొచ్చింది. మామ అంటే అమ్మకు తమ్ముడు. కోర్టు వెనక సందులో, మిద్దె మీద ఆయన గది ఆరడుగులకు తొమ్మిది. డాక్టర్లు పేషెంట్ల నోళ్ల అచ్చులు పంపితే కట్టుడు పళ్లు చేసిచ్చేవాడు. బల్ల మీద ఎడమ నుంచి కుడికి స్పిరిట్ దీపం, మైనం చెక్కే కత్తులు నాలుగు, సన్న రంపం, ఆకురాళ్లు, చిగుళ్ల రంగు పొడి డబ్బా. ఈ వరుస మారితే ఆయనకు అన్నం దిగేది కాదు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే పని. తన పని గురించి ఆయన ఒకే మాట చెప్పేవాడు: "నేను చేసినానని ఎవురికీ తెలియకుంటేనే బాగా చేసినట్టు."

నేను తిరుపతిలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా క్లాస్‌మేట్ ఒకడు నాకు ఒక ఆట అంటించాడు. బల్ల మీద కొండలు, కోటలు పేర్చి, వేలెడంత రాక్షసులనూ కత్తివీరులనూ నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపించి, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేల్చే ఆట అది. కొలతలు, పట్టికలు ఉన్న ఆట కాబట్టి నాకు బాగా పట్టింది. బొమ్మలు మాత్రం విదేశాల నుంచి రావాలి. వాడి దగ్గరున్న ఒకే ఒక్క రాక్షసుడి దవడ విరిగితే మామ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని దీపం ముందు రెండు మూడుసార్లు తిప్పి చూశాడు. "విరగకముందు గూడా ఈడికి కింది దవడ ముందుకే ఉన్నట్టుండాది అల్లుడా. ఏం నమల్తాడు ఈడు?" అన్నాడు. రెండు రోజుల తర్వాత రాక్షసుడు కొత్త దవడతో, కోరలతో తిరిగొచ్చాడు. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలుస్తున్నాయి.

ఆ తర్వాత ఆయనే అడిగి మరీ చేశాడు. సన్న తీగతో ఎముకల గూడు కట్టి, దాని మీద మైనంతో మనిషిని చెక్కి, సుద్దలో పాతి, వేడినీళ్లతో మైనం కరిగించి, ఆ ఖాళీలో చిగుళ్ల రంగు పొడిని ముద్దచేసి కూరి ఉడికించేవాడు. పళ్ల సెట్టుకు చేసే పద్ధతే. కవచం మీద మేకులు, బెల్టు కుట్లు, అరుస్తున్న నోట్లో పళ్లు. ఒకడి ముఖం ఇంకొకడికి లేదు. ఇంట్లో మనుషులకు పన్ను నొప్పంటే పలకడు గానీ రాక్షసులకు దవడలు కడతాడని అత్త దెప్పేది. మూడు నెలల్లో పన్నెండు మంది సైనికులు తయారయ్యారు. రంగులు నేను వేశాను. బెంగళూరులో క్లాస్‌మేట్ వాళ్ల అన్న ఇంట్లో ఆదివారం పెద్ద ఆట ఉంది, తీసుకురమ్మన్నారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. బంగారుపాళ్యం దాటేదాకా బస్సులో మామిడికాయల వాసన. ఆయన సైనికుల డబ్బాను ఒళ్లోంచి దించలేదు. తన పనిని జనం చూస్తుండగా తాను చూడబోవడం అదే మొదటిసారి.

అక్కడ ఆ అన్న మా సైనికుడిని తన సైనికుడి పక్కన నిలబెట్టాడు. మనవాడు పొట్టి. ఆ ఆటలో ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లంటే పాదం నుంచి కంటి దాకా. మామకు కొలతల కోసం నేను గీసిచ్చిన పటంలో నడినెత్తి దాకా. డ్రాయింగ్‌లో ఎప్పుడూ మొదటి మార్కు నాదే. పన్నెండు మందీ మూడేసి మిల్లీమీటర్లు తక్కువ. అన్న చాలాసేపు ఆ సైనికుల ముఖాలు చూసి, ఎంత బాగున్నా కొలత లేనిది బల్ల ఎక్కకూడదని మేమే పెట్టుకున్నాం, క్షమించండి అన్నాడు. తప్పు నాదని చెప్పబోయాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాది సార్ తప్పు. నోట్లో పెట్టి సూడకుండా సెట్టు ఇచ్చేసినాను. ఆట ఎప్పుడు మొదలు?"

గంటన్నరలో అన్నారు. సెట్టు అప్పజెప్పడానికి పోయేవాడు పనిముట్లు లేకుండా పోడు. ఆ అలవాటుతోనే సంచి తెచ్చుకున్నాడు. వరండాలో గోడకానుకుని కూర్చుని, అన్నవాళ్ల సైనికుడిని ఎదురుగా నిలబెట్టుకుని, మూడు నెలల పనిని ఒక్కొక్కటిగా మోకాలి కింద కోశాడు. మొదటిది కోసేటప్పుడు నేను చూడలేకపోయాను. కోసినచోట తీగ ముక్క గుచ్చి, పొడిలో ద్రావకం చుక్కలు కలిపి పూసి, పదినిమిషాల్లో గట్టిపడగానే ఆకురాయి పట్టాడు. ప్రతి ఒక్కడి కంటినీ ఎదుటివాడి కంటితో సరిచూసి గానీ కింద పెట్టలేదు. రంగు వేయడానికి వేళ లేదు. పన్నెండు మంది వీరులూ చిగుళ్ల రంగు పిక్కలతో బల్లెక్కారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అన్న మాత్రం వంగి, ఆ అతుకులను భూతద్దంలో ఒక్కొక్కటే చూసి, "ఆ కాళ్లకి ఎప్పటికీ రంగెయ్యొద్దప్పా" అన్నాడు నాతో. ఆటగాళ్లంతా చుట్టూ మూగారు. ఇవి ఎవరు చేశారని ఒకతను అడిగాడు. మామ అలవాటుకొద్దీ ఇంకెవరినో అడిగినట్టు పక్కకు చూశాడు. పక్కన గోడ తప్ప ఏమీ లేదు. అప్పుడు గొంతు సవరించుకుని, "నేనే" అన్నాడు.

ఆ మాట పెగలడానికి ఆయనకు ఇరవై రెండేళ్లు పట్టింది. ఆ రోజు నా వయసే ఇరవై. అంత కాలం ఎంత పొడవుంటుందో, ఉద్యోగంలో చేరి పదహారేళ్లయ్యాక, ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.