దుప్పటి వెనక రెండు బేస్ గిటార్లు

మా బావ మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోవాలన్న కోరిక కూడా లేదు.

ఆయన గోదావరిఖనిలో ఆర్కెస్ట్రా నడుపుతాడు, తనే కీబోర్డు వాయిస్తాడు. పెళ్లిళ్లు, గణపతి నవరాత్రులు, గని కార్మికులు రిటైరైనప్పుడు కాలనీల్లో చేసుకునే ఫంక్షన్లు, ఏది వచ్చినా వెళ్లేవాళ్లం. నేను ఆయన భార్యకు చెల్లెలిని. ఆరోగ్యం చెడి నాన్న గనిలోకి దిగలేకపోయాక ఆయన కొలువు నాకు వచ్చింది. పగలు గని స్టోర్స్‌లో డ్యూటీ, సాయంత్రం బేస్ గిటార్. నాలుగు లావు తీగల వాయిద్యం అది. మోగినంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం పాట బోసిపోతుంది.

నా గిటార్ కరీంనగర్ దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చవకది. తెచ్చిన కొత్తలో దాని మెడ కొంచెం వంగి ఉండేది, తీగ నొక్కితే గర్రుమనేది. మెడలోని మరను నేనే తిప్పి సరిచేసుకున్నాను. తీగలు మార్చాను. లోపల వదులైన వైరుకు టంకం వేయించాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి దానిమీదే వాయించాను. ఇదేం చప్పుడని ఒక్కరూ అనలేదు.

నిరుడు బావ హైదరాబాద్ వెళ్లి ఖరీదైన బేస్ గిటార్ తెచ్చాడు. విదేశీ సరుకు. లోపల ఎర్ర మఖ్మల్ పరిచిన పెట్టె. మేం రిహార్సల్ చేసేది వాళ్ల క్వార్టర్ ముందుగదిలోనే. అందరూ వచ్చాక పెట్టె తెరిచి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"ఇగ మన స్టాండర్డు పెంచాలె. ఆ డబ్బా స్టేజీ ఎక్కద్దు. గడ్డివాము మీద కట్టెతోని కొట్టినట్టుంటది దాని సౌండు."

"ఇన్నేండ్లు ఆ డబ్బాతోనే కద బావా నీ ప్రోగ్రాములు నడిచినయ్?"

"నా కీబోర్డుతోని నడిచినయ్. ఇది మా తమ్ముడు వాయిస్తడు. నువ్వు ఇంటికాడ ఉండు, అవసరమైతే పిలుస్త."

బావ తమ్ముడు గది మూలన నిలబడి ఉన్నాడు. కొన్ని నెలలు హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో నేర్చుకుని వచ్చాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

"సౌండే కదా నీ బాధ? అయితే సూడకుండ ఇని చెప్పు, ఏది ఏదో."

బావ నవ్వాడు. "తెల్వదా నాకు?"

చాయ్ తెచ్చిన అక్క లోపలికి వెళ్లి దుప్పటి తెచ్చింది. కిటికీ నుంచి తలుపు దాకా తాడు కట్టి దాన్ని వేలాడదీసింది. నేను వెనక్కి వెళ్లి, ఒకే స్పీకరుకు రెండు గిటార్లూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఒకే వరస వాయించాను.

"రెండోది," అన్నాడు బావ. "ఎంత గుండ్రంగ పల్కుతున్నది! పైసలు ఊకెనే పెడ్తరా?"

రెండోది నాది. దాన్ని భుజానికి తగిలించుకుని బయటికి వచ్చాను. బావ ముఖం నల్లబడింది.

"కొత్తదాన్ని కావాల్నని పాడుజేసి వాయించినవ్. నీ కండ్లల్ల మంట నాకు కనబడ్తలేదా?"

"దుప్పటెనుక నా కండ్లు నీకెట్ల కనబడ్డయ్ బావా?"

డ్రమ్ములు వాయించే అన్న కిసుక్కున నవ్వాడు. అది బావకు మరీ మండింది. నా గిటార్ కూడా తమ్ముడి చేతికిప్పించి దుప్పటి వెనక్కి పంపాడు. అతనూ రెండూ వాయించాడు. అబద్ధం చెప్పను, అతని చేతిలో ఖరీదైనదే బాగా పలికింది. లావు తీగ మీద కూడా ప్రతి స్వరం విడివిడిగా వినిపించింది. నాది ముద్దగా మోగింది. నా గిటార్‌కు వేళ్లు గట్టిగా పడాలి, ఎక్కడ మీటాలో తెలియాలి. నేను ఏళ్లు పెట్టి రాబట్టుకున్న సౌండు ఆ కొత్తది మెత్తటి వేళ్లకు కూడా ఊరికే ఇచ్చేస్తోంది. నాకున్న అక్కసులో సగం దానిమీదే.

"సూసినవా?" అన్నాడు బావ, గెలిచినట్టు.

అక్క దుప్పటి లాగి మడత పెడుతూ అంది, "ఏది మంచిదైతేంది? నీ తమ్మునికి జాగ కావాలె, అందుకే నా చెల్లెను ఎల్లగొడ్తున్నవ్. గదే సక్కగ చెప్పరాదు?"

బావ కొత్త గిటార్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాడు. నేను గిటార్ తీసుకుని వచ్చేశాను.

కొన్నాళ్లకు సెంటినరీ కాలనీలో మా స్టోర్స్‌లో అందరం కాక అని పిలిచే పెద్దాయన రిటైర్మెంటు ఫంక్షన్ పెట్టుకున్నాడు. ఆర్కెస్ట్రా మా బావదే. నేను భోజనానికి పిలిచినవాళ్లలో ఒకదాన్ని. మూడో పాటకే తమ్ముడు దారి తప్పాడు. పాడే అమ్మాయి ఒక చరణంలో ఉంటే అతను ఇంకో చరణంలో ఉన్నాడు. ఆ ఖరీదైన గిటార్ ప్రతి తప్పునూ ఎంతో స్పష్టంగా మోగించింది. నాకు చాలా సంతోషం వేసింది.

విరామంలో బావ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "రా, కొంచెంసేపు వాయించి పో. ఇజ్జత్ పోతున్నది."

"నా డబ్బా ఇంట్ల ఉన్నది."

"కొత్తది ఉన్నది గదా?"

"దాన్ని నేను పాడుజేసి వాయిస్త గద బావా."

"గింత పొగరైందా నీకు?"

"అయింది."

నా విస్తరిలోకి బగారన్నం ఇంకొంచెం వేయమని అడిగాను. ఆయన స్టేజీ మీదికి వెళ్లిపోయాడు. మిగతా పాటలకు తమ్ముడు గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, బావ కీబోర్డు మీద ఎడమచేత్తో ఆ వరస వాయించుకున్నాడు. పాపం కాక దండలు వేయించుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు నేను రామకృష్ణాపూర్ వాళ్ల ట్రూపులో వాయిస్తున్నాను. బావా నేనూ మాట్లాడుకోం. మొన్న అక్కడ ప్రోగ్రాముంటే అక్క ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ముందు వరసలో కూర్చుని చివరిదాకా విన్నది. ఇంట్లో ఏమని చెప్పి వచ్చిందో నేను అడగలేదు.