ఆమె సీటు కింద రాగి కాసు

నాకు నీళ్లంటే భయం. కాలవలో మోకాలి లోతు దాటితే ఊపిరాడదు. ఈ సంగతి పెళ్లయి పదేళ్లయినా మా ఆవిడకు చెప్పలేదు. రేపల్లెలో కాపురం పెట్టుకుని, మీసాలు పెంచుకుని, నీళ్లంటే భయమని ఎలా చెప్పుకుంటాం? దానికి బదులు కోపం తెచ్చుకునేవాణ్ణి. కోపాన్ని చూసి ఎవరూ నవ్వరు కదా.

మా ఆవిడ చర్చి వాళ్ల చిన్న ఆస్పత్రిలో నర్సు. ప్రతి గురువారం పెనుమూడి రేవులో పడవెక్కి, కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంక ఊరికి వెళ్లేది. గర్భిణులను చూసి, పిల్లలకు టీకాలు వేసి, సాయంత్రానికి తిరిగొచ్చేది. అది చెక్క పడవ కాదు. తుఫాను సాయం కింద ఎక్కడి నుంచో వచ్చిన అల్యూమినియం పడవ. వెనక చిన్న ఇంజను ఉండేది. దాన్ని నడిపే సరంగుది అడవులదీవి అనే ఊరు. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. గురువారం పొద్దున్న లేస్తూనే నేను ఏదో వంక పెట్టుకుని ఇంట్లో గొడవకు దిగేవాణ్ణి. పచ్చడిలో ఉప్పెక్కువైందనో, చొక్కా గుండీ ఊడిందనో అరిచేవాణ్ణి. "ఈయనకి గురువారం పడదు" అని ఆవిడ నవ్వేసి, సంచి తగిలించుకుని వెళ్లిపోయేది.

నేను పెయింటర్ని. తెనాలిలో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. లారీ వెనక తలుపు మీద నేను వేసిన నెమలిని చూసి డ్రైవర్లు ఆగి మరీ అడిగేవాళ్లు, ఎవరేశారని. దాంతో నా అంతవాడు లేడని కొంచెం పొగరు కూడా ఉండేది. ఎనభైల చివర్లో ఒకరోజు మా ఆవిడ అడిగింది, "పడవకి రంగంతా లేచిపోయిందండీ. లారీలకి వేస్తారుగా, దీనికి వేయలేరా?" అని.

"లారీ ఎక్కడ, నీ రేకు డబ్బా ఎక్కడ!" అన్నాను గానీ, ఒప్పుకున్నాను. ఆవిడ ఎక్కే పడవ. దాన్ని ఇంకొకడి చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

పడవను గట్టు మీద బోర్లించి, కిరసనాయిలుతో తుడిచి, ఇనుముకు వేసినట్టే రెండు పూతలు నీలం రంగు వేశాను. మూడు వారాలకల్లా ఉడకబెట్టిన బంగాళాదుంప తొక్కలా ఊడొచ్చేసింది. సరంగు బాబాయ్ ఒక పెచ్చు లాగి నా చేతిలో పెట్టి, "నీ నెమలి ఎగిరిపోయింది అబ్బాయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తెనాలిలో రంగుల కొట్టాయన్ని పట్టుకుంటే అసలు సంగతి చెప్పాడు. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, పైన కంటికి కనబడని పొర ఒకటి కట్టేస్తుందట. దాని మీద వేసిన రంగు నిలవదట. ఎమిరీ పేపరుతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్లీ పొర గట్టిపడేలోగా, అదే పూట, దానికని దొరికే పసుపుపచ్చ ప్రైమరు వేయాలి. ఆ తర్వాతే రంగు. సరే, షెడ్డుకు సెలవు పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. బయట అయ్యాక లోపల. భుజాలు పడిపోయాయి.

పని సగంలో ఉండగా గురువారం వచ్చింది. మా ఆవిడ వేరే నాటు పడవలో వెళ్లింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. నది రంగు మారిపోయింది. నేను ఎమిరీ కాగితం పట్టుకుని రేవులో నిలబడ్డాను. రావాల్సిన వేళ దాటిపోయింది. పడవ కనబడలేదు. కాగితం నా అరచేతిని గీరేస్తున్నా తెలియలేదు. చివరికి ఆవిడ వచ్చింది, నిలువెల్లా తడిసి. ఒడ్డున పదిమందీ చూస్తుండగా, "బుద్ధుందా నీకు?" అని అరిచాను.

"బిడ్డ అడ్డం తిరిగిందండీ. వదిలేసి రానా?" అని ఆవిడ నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున సరంగు బాబాయ్ నా పక్కన గొంతుక్కూర్చుని, "నువ్వు కోప్పడలేదు అబ్బాయ్, భయపడ్డావు. నీ కాళ్లు చూశాన్నేను" అన్నాడు. ఆయన మొలలోంచి పాత రాగి కాసు ఒకటి తీశాడు. వాళ్ల చెక్క పడవలకి అడుగు పలక వేసేటప్పుడు గంగమ్మ పేరున రాగి కాసు పెడతారు. "ఈ రేకు పడవకి ఎవరూ పెట్టలేదు. నాకూ మనసులో పీకుతానే ఉంది" అన్నాడు.

"మేం చర్చికి పోయేవాళ్లం బాబాయ్" అన్నాను.

"పడవ పోదుగా" అన్నాడాయన.

నేను మామూలుగా అయితే నవ్వేసేవాణ్ణి. కానీ నిన్నటి నది కళ్లలోంచి పోలేదు. ఆ కాసు తీసుకున్నాను. కాళ్ల కింద పలక లేపి, సరిగ్గా మా ఆవిడ కూర్చునే సీటు కింద, తళతళలాడేలా రుద్దిన చోట దాన్ని ఒత్తిపెట్టాను. కదలకుండా ఉండాలని దాని మీదుగానే ప్రైమరు వేశాను, నీలం రంగు వేశాను. పలక మూసేశాను. మా ఆవిడకు తెలిస్తే ఊరుకోదు, అందుకని చెప్పవద్దని బాబాయ్ దగ్గర మాట తీసుకున్నాను. ఈసారి రంగు పెచ్చు కూడా లేవలేదు. గురువారాలు నాకు కాస్త తేలికయ్యాయి.

మరుసటి ఏడు వానలకు ముందు పడవను మళ్లీ గట్టెక్కించి చూశాం. అంతా బాగుంది, ఆ ఒక్కచోట తప్ప. కాసు చుట్టూ రంగు పొక్కింది. పొక్కు గిల్లితే తెల్లటి పొడి రాలింది. పోటు వేళ రేవు దాకా ఉప్పునీళ్లే వస్తాయి కదా, పడవ అడుగున చేరిన నీళ్లు ఎండి ఉప్పు పట్టిందిలే అనుకున్నాను. కాసు తీసి చూద్దామని గోరు పెట్టాను కూడా. చెయ్యి రాలేదు. తీస్తే ఏమవుతుందోనన్న భయం. పొడి తుడిచేసి, పైన ఇంకో రెండు పూతలు దట్టంగా వేశాను. ఆ పైఏడూ అదే చేశాను.

తర్వాత ఒక గురువారం, ఒక లారీకి నంబర్లు రాయమని మా ఓనరు నన్ను బాపట్ల పంపించాడు. లారీ ఒక రైసు మిల్లులో ఉంది. అక్కడ వెల్డింగు చేసే పెద్దాయన ఒకప్పుడు విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట పనిచేశాడట. అది విన్నాక నేనెందుకు ఊరుకుంటాను? అల్యూమినియం పడవకు నేను రంగు నిలబెట్టిన వైనం మొత్తం చెప్పాను. ఆ ఒక్కచోట పొక్కుతోందని చెప్పాను. నవ్వుతూ కాసు సంగతి కూడా చెప్పాను.

ఆయన నవ్వలేదు. "రాగీ అల్యూమినియం అంటించి ఉప్పునీళ్లు తగలనిచ్చావా?" అన్నాడు.

"ఏమవుద్దండి?"

"కాసుకేం కాదు. రేకుని తినేస్తది. ఆ తెల్లపొడి ఏంటనుకుంటున్నావయ్యా? నీ పడవే అది."

బ్రష్షు అక్కడే పడేసి ఎస్‌టీడీ బూతుకు పరిగెత్తాను. ఆస్పత్రిలో ఫోనెత్తినవాళ్లు, "మేడంగారు పొద్దున్నే లంకకి వెళ్లారండి" అన్నారు. పడవను ఆపమనడానికి లంకలో ఫోనెక్కడిది?

చెరుకుపల్లి మీదుగా రేపల్లె పోయే బస్సెక్కాను. సీటుంది గానీ కూర్చోలేకపోయాను. ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవర్ని తిట్టాను. "ఏంటి సార్, ఇంటి దగ్గర ఎవరికైనా బాలేదా?" అని కండక్టరు అడిగాడు. ఏమని చెప్పను? దేవుడికి చెప్పుకుందామంటే నోరు రాలేదు. ఆయన మీద నమ్మకం చాలకేగా నేను ఆ కాసు పెట్టింది! పోనీ గంగమ్మకు మొక్కుదామంటే ఏ మొహం పెట్టుకుని మొక్కను?

నేను రేవుకు చేరేసరికి పడవ నది మధ్యలో ఉంది. నీళ్లలోకి బాగా దిగబడి, నెమ్మదిగా వస్తోంది. ఒక ముసలామె గిన్నెతో నీళ్లు తోడి పోస్తోంది. పక్కన నిండు గర్భిణి పడుకుని ఉంది. మా ఆవిడ మాత్రం కదలడం లేదు. ఒక కాలు చాపి, రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, బిగుసుకుపోయి కూర్చుంది. నేను పేరు పెట్టి పిలిచాను. వినబడలేదు. మళ్లీ మళ్లీ పిలిచాను. పడవ ముందుభాగం నా చేతికి తగిలినప్పుడు చూసుకుంటే, నేను నడుం లోతు నీళ్లలో ఉన్నాను.

గర్భిణిని ముందు దింపారు. అప్పుడు గానీ మా ఆవిడ కాలు తీయలేదు. తీయగానే అడుగు నుంచి నీళ్లు చిమ్మాయి. వేలు పట్టేంత రంధ్రం. మధ్యలో కాళ్ల కింద తడి తగిలితే పలక లేపి చూసిందట. దూది, బ్యాండేజీ గుడ్డ కుక్కి, లంక నుంచి సగం దారి మడమతో తొక్కిపెట్టి కూర్చుంది. రేకు అంచు కోసుకుని మడమ నుంచి నెత్తురు కారుతోంది. ఆవిడ గుప్పిట్లో ఆ కాసు ఉంది.

ముసలామె దాన్ని చూసి కళ్లకద్దుకుంది. "అమ్మ కాసు తల్లీ! ఇది ఉండబట్టే ఒడ్డున పడ్డాం. నాకియ్యమ్మా, పుట్టబోయే బిడ్డ మొలకి కడతా" అంది. సరంగు బాబాయ్ తల వంచుకుని, "నేనే పెట్టానమ్మా" అన్నాడు.

నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా. అంత పిరికివాణ్ణి. కానీ మా ఆవిడ కాసును తిప్పి చూస్తోంది. దాని మీద నా నీలం రంగు ఉంది, పూత మీద పూత.

"నేనే పెట్టాను. పడవని తినేసింది ఆ కాసే. బిడ్డకి కట్టొద్దు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆవిడ నా తడిసిన చొక్కా వైపు, నేను నిలబడ్డ నీళ్ల వైపు చూసింది. "భయమేస్తే నాకు చెప్పాలి గానీ, రేకుకి చెప్తారా?" అంది.

పడవకు మాటు వేయించి, లోపలా బయటా మళ్లీ మొత్తం రుద్ది రంగు వేయడానికి నెలన్నర పట్టింది. ఆలోగా మరుసటి గురువారం రానే వచ్చింది. నాటు పడవలో వెళ్లాలి. మడమ కట్టు మీదే చెప్పు తొడుక్కుంటోంది. నేను పచ్చడికి వంక పెట్టలేదు. గుమ్మంలో నిలబడి, "నాకు భయంగా ఉందే" అన్నాను.

ఆవిడ వంగినది వంగినట్టే ఆగిపోయింది. "నాక్కూడానండి. ప్రతి గురువారమూ" అంది.

పదేళ్లు ఆ మనిషి మీద అరిచి పంపించాను. నేను సంచి తెచ్చి ఆమె భుజానికి తగిలించాను.