పట్టాల మీద ఆగిన బేరం

2014లో చీపురుపల్లిలో ఒక పాత డీజిల్ కారు బేరం చేశాను. "నేరుగా సిలిండర్‌లోకే డీజిల్ కొట్టే ఇంజనండి, మైలేజీ బాగా వస్తాది" అన్నాడు కారు ఓనరు. "ఆ డీజిల్ కొట్టే ఇంజెక్టర్లు పాడైతే సెప్పకుండా ఆగిపోతాది, సూసుకో బావా" అని మెకానిక్కైన మా బావమరిది ముందే హెచ్చరించాడు.

ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపాను. రైలు గేటు దాటుతుంటే పట్టాల మీదే ఇంజను ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా స్టార్టవలేదు. ఇంతలో గేటు గంట మోగింది. పక్కకు చూస్తే ఓనరు అప్పటికే దిగి గేటు అవతల నిలబడి ఉన్నాడు. గేట్‌మ్యానూ, ఇంకో ఇద్దరూ పరుగున వచ్చి కారును పట్టాల అవతలికి తోసేశారు.

రైలు వెళ్లిపోయాక గుర్తొచ్చింది. పట్టాలు రాకముందే ఓనరు తలుపు పిడి పట్టుకుని కూర్చున్నాడు. ఆ కారు నేను కొనలేదు. ఇప్పుడు ఏ పాత బండి చూడబోయినా ఇంజను కన్నా ముందు, పక్కన కూర్చున్న ఓనరు చేతులు చూస్తాను.