మెలకువగా ఉండమన్నారని నిద్ర మానేసిన మా అమ్మ

మా చిన్నప్పుడు... బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, మా వఠారం నిండా ఖాకీ గుడ్డ ఉండేది. ఒకే వాకిలి చుట్టూ ఆరిళ్ళు. యుద్ధం రోజులు. సిపాయిల చొక్కాలు కుట్టి మూటలుగా పంపేవారు... వాటికి కాజాలు కుట్టడం మా అమ్మ పని.

గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ అమ్మ దారంతో వేసే ముడుల వరస చూడాలి! చీమల బారులాగా, ఒకదాని వెనక ఒకటి... ఎక్కడా తోసుకోవు. "రాహేలమ్మ చేతిలో మెలకువ ఉండాది" అని మూటలు తెచ్చే మేస్త్రి అందరికీ చెప్పేవాడు.

నాన్న సైన్యంలో లారీ తోలడానికి వెళ్ళాడు. బర్మా వైపు అన్నారు. మొదట్లో కార్డులు వచ్చేవి. మా ఇంట్లో అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే... పదకొండేళ్ళ నేను గొంతు సవరించుకుని చదివితే అమ్మ కుట్టు ఆపి వినేది. తర్వాత కార్డులు ఆగిపోయాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు, కష్టకాలంలో మెలకువగా ఉండి ప్రార్థన చేయాలని ప్రసంగించారు. అందరూ తలూపి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం ఇంటికొచ్చి తన చాప చుట్టి అటక మీద పెట్టేసింది.

రెండు వారాలకు అమ్మ కళ్ళ కింద మసి పూసినట్టయింది. పొయ్యి మీద సంగటి మాడేది. సూది వేలిలో దిగేది. ఖాకీ మీద పడిన నెత్తుటి చుక్కలను నేను ఉప్పునీళ్ళతో తుడిచేదాన్ని...

శనివారం మేస్త్రి మూట విప్పి చూశాడు. "ఏందమ్మా ఇది? కాజానా, ఎలక కొట్టిన బొక్కనా?" వాకిట్లో ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ నవ్వలేదు. "మంగళవారానికి ఇవన్నీ విప్పి మళ్ళా కుట్టియ్యి. అప్పుడూ ఇట్లే ఉంటే ఇంగ గుడ్డ ఇయ్యను. నేనేం చేసేదమ్మా, నా మీద కూడా ఒకడుండాడు."

ఆ పని పోతే నా బడి కూడా ఆగిపోతుంది. అది నాకు తెలుసు. కానీ అంతకన్నా అమ్మ సూదిలో దారం కూడా ఎక్కించలేకపోవడం చూసి భయమేసింది.

"ఎందుకమ్మా పడుకోవు?"

"అయ్యగారు చెప్పింది నువ్వు వినలేదా? మెలకువగా ఉండాలంట. నేను కన్ను మూసినప్పుడే మీ నాయనకు ఏమన్నా అయితే?"

"ఆ మాటకు అర్థం అది కాదమ్మా. జాగ్రత్తగా ఉండమని..."

"నాలుగక్షరాలు నేర్చుకోని అయ్యగారికే పాఠం చెప్పేదానివైనావా? పో, దారం ఎక్కించు."

నా చదువు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. ఏడుస్తూ పక్కింటి సాలమ్మవ్వ దగ్గరికి పోయాను. అవ్వకు చదువు రాదు. బైబిలు వాక్యంలోని కథలన్నీ చెవితోనే నేర్చుకున్న మనిషి. అంతా విని, గిన్నెలో రాగి అంబలి పోసుకుని నా వెంట వచ్చింది.

"రాహేలూ, ఆ సూది పక్కన పెట్టు. ఒసే పాపా, ఒక ప్రవక్త చెట్టు కింద పడిపోయి, ఇంగ నా ప్రాణం తీసెయ్యి స్వామీ అని ఏడుస్తాడు కదా... అది తీసి చదువు."

చదివాను. అలసిపోయి చావు కోరుకున్న ఆ భక్తుణ్ణి దేవుడు కోప్పడలేదు. నీ ప్రార్థన చాల్లేదనలేదు. దూతను పంపి రొట్టె, నీళ్ళు పెట్టించాడు. పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ తినమన్నాడు...

"మళ్ళా చదువు" అంది అమ్మ. చదివాను.

"పడుకున్నాడా? దూత ముందరే?"

"పడుకున్నాడమ్మా. రెండుసార్లు."

అవ్వ ఒక వంకర కాజాను ఎత్తి అమ్మ కళ్ళ ముందు పెట్టింది. "నీ చేతిలో మెలకువ ఉండాదని మేస్త్రి అంటాడే, అదేంది? కండ్లు తెరుచుకోని కూకునేదా? చెయ్యి దారి తప్పకుండా చూసుకునేది. అయ్యగారు చెప్పిందీ అదే. ఆ మెలకువ ఇప్పుడు యాడికి పోయిందో చూడు!"

"మరి బర్మాలో ఉండే ఆయన్ని ఎవరు కాస్తారవ్వా?"

"ఇన్నాళ్ళూ నువ్వే కాస్తాండావా? అబ్బో, పెద్ద కావలిదానివి! పైనున్నాయన పని పైనున్నాయనకు వదిలెయ్. అంబలి చల్లారిపోతాంది, తాగు."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అంబలి తాగి, ఆ ఖాకీ మూటకే తల ఆనించి పట్టపగలు నిద్రపోయింది. వఠారంలో బిందె చప్పుడు కూడా కాకుండా అవ్వ మా గుమ్మంలో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు గానీ అమ్మ లేవలేదు.

మరునాడు ఆదివారం. సూది ముట్టలేదు. సోమవారమంతా కూర్చుని కుట్టింది. మంగళవారం మేస్త్రి ఒక్కో చొక్కా వెలుగుకు పెట్టి చూశాడు... కొత్త మూట దించి పోయాడు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అమ్మ కాళ్ళు కడుక్కుని, మాడుకు ఇంత ఆముదం పెట్టుకుని, "ప్రభువా, ఇంతవరకు నేను... ఇంక నువ్వు" అని ఒక్క మాట ప్రార్థన చేసి నడుం వాల్చేది. మూటలు ఎన్ని ఉన్నా సరే. దిగులు పోయిందని కాదు. టపా మనిషి వీధి మలుపు తిరిగితే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కానీ దిగులు ఉండగానే మనిషి తినవచ్చని, పడుకోవచ్చని ఆమెను చూసే నేను నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ కాదు.

నాన్న చాలా కాలానికి వచ్చాడు, ఒక చెవి వినపడకుండా. తన ప్రార్థన వల్లే వచ్చాడని అమ్మ ఏనాడూ అనలేదు. "నేను నిద్రపోయినప్పుడు కూడా నడిచొస్తానే ఉన్నాడు చూడు" అని నవ్వేది.

ఇప్పుడు నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను. హాస్టల్లో గంట కొడితే లేస్తాం, గంట కొడితే తింటాం... కళ్ళు ఎర్రబడేదాకా చదివిన పిల్లనే అందరూ మెచ్చుకుంటారు. సాలమ్మవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. వఠారంలో పగలు కూడా తలుపులు మూసే ఉంటున్నాయి. ఎవరి మొహం వాడిందో పక్కింటికి తెలియడం లేదు...

పిలవకుండా లోపలికొచ్చి, "చాలమ్మా, ఇంక పడుకో" అని గదమాయించే మనుషులు మీకెవరైనా ఉండేవారా? వాళ్ళ గురించి చెప్పండి... నాకు వినాలని ఉంది.