అడుగు చూసి దిగిన హోటల్

ఇంటర్నెట్టు మా విశాఖ ఇంటికింకా రాని రోజులు. పెళ్లయిన పదేళ్లకైనా మా ఆవిడను ఖరీదైన హోటల్లో ఉంచి తీరాలని పట్టుబట్టాను. అంతకుముందు నేను ఫొటో చూసి ఎంచిన హోటల్లో సముద్రం గోడ మీది బొమ్మలోనే కనిపించింది.

మా ఆవిడతో గుంటూరు నుంచి బాపట్ల వెళ్లే బస్సులో పక్కసీటు మిరప రైతు నా చేతిలోని హోటల్ బొమ్మలు చూశాడు.

“బస్తాలో పైన ఎప్పుడూ ఎర్రటి కాయలే ఉంటయ్యండీ. మా గుంటూరు మిర్చి యార్డులో బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టకుండా ఎవడూ బేరమాడడు. మీరేందండీ, బొమ్మ చూసి దిగుతారా?” అన్నాడు.

బాపట్ల హోటల్లో అద్దాల హాలు దాటి, ముందు స్నానాలగది చూపించమన్నాను. గుమాస్తా నవ్వాడు.

“మిర్చి వ్యాపారమా సార్? వాళ్లే ఇట్లా అడుగుతారు.”

“కాదండీ, కాపురం” అన్నాను.

గుమాస్తా పైగదిలో స్నానాలగది తలుపు తీయగానే మా ఆవిడ నన్ను పక్కకు జరిపి కుళాయి తిప్పింది. వేడినీళ్లొచ్చాయి.

“పెట్టెలు పైకి పంపించండి” అంది.