గాబులో మునిగిన వరి

నేను కాపురానికొచ్చిన కొత్తలో, రెండువేల పది ఇంకా రాకముందు, మా మావయ్యగారు ఇంటి వెనక నీళ్ల గాబులో వరి ముంచారు. నరసాపురం దగ్గర ఆ పల్లెలో మా ఇంటిల్లిపాది స్నానాలకూ ఆ సిమెంటు గాబే దిక్కు.

కారణం మురుగుకాలువ పక్కనున్న మా ఎకరం చేను. వానలు వేళాపాళా లేకుండా పడడం మొదలయ్యాక, ఏటా వానాకాలం సార్వా నాట్లు పడీపడగానే అది మునిగి కుళ్లిపోయేది. ఆ సంగతి విని వ్యవసాయాఫీసు మేడం ఓ చిన్న సంచిలో విత్తనాలిచ్చారు.

"ఇదీ మీరు వేసే స్వర్ణ రకమేనండి. ముంపుని తట్టుకునే జన్యువు ఓ పాత రకంలో ఉంటే, ల్యాబులో గుర్తుపట్టి, సంకరం చేసి ఇందులోకి తెచ్చారు. మునిగితే ఎదగడం మానేసి పడుకుంటుందండి. రెండు వారాలకి నీళ్లు లాగినా మళ్లీ లేస్తుంది."

"పడుకోవడం మావాడికీ వచ్చండి. లేవడం దగ్గరే పేచీ," అన్నారు మావయ్యగారు. మావాడంటే మా ఆయనే.

ఆయన ఏదీ ఊరికే నమ్మరు. సగానికి కోసిన నలుచదరపు నూనెడబ్బాలో కొత్త రకం, గుండ్రటి బేసిన్లో మామూలు స్వర్ణ నారు పోశారు. జానెడు ఎదిగాక రెండూ గాబు అడుక్కి దించి, "ఎవరూ చెంబు ముంచకండి. వరదొచ్చిందనుకోండి," అన్నారు.

"వరదొస్తే స్నానాలు మానేస్తారేంటండీ?" అన్నారు అత్తయ్యగారు.

బోరింగు కొట్టి బకెట్లు మోశాం. మావయ్యగారు రోజూ పొద్దున్నే గాబులోకి వంగి చూసి, "పడుకున్నాయి," అని గుసగుసగా చెప్పేవారు. దాంతో దొడ్లో మేమూ గొంతు తగ్గించే మాట్లాడుకునేవాళ్లం.

పన్నెండో రోజున మా నాన్న రాజమండ్రి నుంచి వచ్చారు. శుభ్రమంటే ఆయనకి ప్రాణం. మావయ్యగారు చేపలు తేవడానికి వెళ్లి వచ్చేసరికి, మా నాన్న పంచె ఎగ్గట్టి గాబు పక్కన నిలబడి ఉన్నారు.

"బావగారూ, మీ గాబు అడుగున ఏదో కుళ్లిందండి. అంతా పెంట మీద బోర్లించి, బ్లీచింగు వేసి కడిగేశాను!"

వియ్యంకుణ్ణి ఏమంటారు? "శ్రమ తీసుకున్నారండి," అన్నారు మావయ్యగారు, ఏడవలేక నవ్వుతూ. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. చేప తాజాది కాదేమోనని మా నాన్న ఓదార్చారు. నేను సిగ్గుతో వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఐదు రోజులకి, పేడ వెయ్యడానికెళ్లిన అత్తయ్యగారు కేకేశారు. "ఏవండీ! పెంట మీద వరి లేచిందండీ!"

అందరం పరుగెత్తాం. గుండ్రటి మట్టిగడ్డ మీద మొక్కలు జిగురై పోయాయి. నలుచదరపు గడ్డలోంచి మాత్రం పచ్చటి ఆకులు పైకొస్తున్నాయి. మావయ్యగారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, అక్కడే గొంతుక్కూర్చున్నారు.

కబురందుకుని మేడం వచ్చారు. "ప్రయోగం ఏ పద్ధతిలో చేశారండి?"

"పన్నెండు రోజులు నా పద్ధతండి. ఆ తర్వాత మా వియ్యంకుడిగారి పద్ధతి."

మరుసటి సార్వాకి ఆ రకమే చేలో వేశాం. తొమ్మిది రోజులు మునిగింది. నీళ్లు లాగాక గోధుమరంగు తిరిగిన చేను చూసి నాకు ఏడుపొచ్చింది. మావయ్యగారు గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, "తొందరపడకమ్మా," అన్నారు. నాతో అన్నారో, వరితో అన్నారో! వారానికి చేను పచ్చబడింది. బాగా పల్లంగా ఉన్న మూల మాత్రం పోతే, అక్కడ మళ్లీ నాట్లు వేసుకున్నాం. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఎకరంలో పంట కోసి కుప్ప వేశాం.